మూడు రోజులైనా ఎపాక్సీ ఆరలేదు: రాడ్ మీద జిడ్డు, గుంటలు. డబ్బా మార్చాలా?

వశిష్ఠ గట్టు · సఖినేటిపల్లి · బుధవారం రాత్రి 8.50

నమస్కారం అండి. ఇక్కడ రెండేళ్ళుగా చదవడమే తప్ప రాయడం ఇదే మొదలు.

పండుగప్ప కోసం 7 అడుగుల గ్రాఫైట్ బ్లాంకు, అంటే ఏమీ బిగించని వట్టి కర్ర, తెప్పించుకుని, రెండు నెలలు కూర్చుని నా చేత్తో గాలం రాడ్ కట్టుకున్నాను. "కొనుక్కుంటే పోయేదానికి ఈ తిప్పలేంట్రా" అని మా మావయ్య అంటూనే ఉన్నాడు. గైడ్లు (లైను దూరే రింగులు) పెట్టి, అవి కదలకుండా దారం చుట్టడం దాకా ఏ లోటూ రాలేదు. ఆ దారం మీద పూతగా వేసే ఎపాక్సీ దగ్గర దెబ్బతిన్నాను.

ఆదివారం సాయంత్రం పూత వేశాను. ఇవాళ బుధవారం. ఏ గైడ్ దగ్గర ముట్టుకున్నా నూనె రాసినట్టు జిడ్డు. మెరుపు లేదు, నోటి ఆవిరి పట్టిన అద్దంలా మసకగా ఉంది. కొస వైపు నాలుగు గైడ్ల దగ్గరైతే అసలు ఆరనే లేదు, గోరు పెడితే దిగుతోంది. పిడి దగ్గరున్న రెండు గైడ్ల మీద గట్టిగానే ఆరింది కానీ అక్కడ చిన్న చిన్న గుంటలు. తామరాకు మీద నీళ్ళు పక్కకి తప్పుకున్నట్టు పూత తప్పుకుని లోపలి దారం బయటికి కనిపిస్తోంది.

డబ్బా మీద రెసిన్, హార్డెనర్ 1:1 అని ఉంది, అలాగే కలిపాను. సరుకే పాతదేమో అని అనుమానం. ఇంకో సెట్టు కొనేదా?

కొర్రమీను పిచ్చి · రావులపాలెం · 9.05

ఎండలో పడెయ్ బ్రో, రెండు రోజుల్లో రాయి అయిపోద్ది. లేదంటే థిన్నరుతో తుడిచి పైన ఇంకో కోటు కొట్టెయ్.

యానాం రేవు · యానాం · 9.40

ఆగండాగండి. థిన్నరు జోలికి పోవద్దు. ఆరని ఎపాక్సీ మీద థిన్నరు పెడితే అది దారంలోకి ఇంకిపోయి ఎప్పటికీ మెత్తగానే ఉండిపోతుంది. ఈ పొరపాటు నేను చేసి రెండు రాడ్లు విప్పుకున్నాను.

గట్టు గారూ, మీరు చెప్పింది ఒక జబ్బు కాదండి, మూడు. జిడ్డు ఒకటి, ఆరకపోవడం ఇంకొకటి, గుంటలు మూడోది. ఒకే డబ్బా, ఒకే సాయంత్రం, ఒకే రాడ్. అయినా చోటుకో రకంగా వచ్చిందంటే తప్పు డబ్బాది కాదు. కొత్త సెట్టు కొనకండి, ముందు ఇవి చెప్పండి. మొత్తం ఒకేసారి కలిపారా, విడతలుగా కలిపారా? ఒక్కో విడత ఎంత? దేంతో కొలిచారు? ఆ సాయంత్రం వాన ఉందా, కిటికీలు తీసి ఉన్నాయా? గుంటలు సరిగ్గా ఎన్ని గైడ్ల మీద?

వశిష్ఠ గట్టు · 10.15

గురువుగారూ, ఇంత ఓపికగా అడిగినందుకు థాంక్స్.

మొత్తం ఎనిమిది గైడ్లు. మొదటి విడత 5 ఎం.ఎల్. రెసిన్, 5 ఎం.ఎల్. హార్డెనర్, మెడికల్ షాపు సిరంజిలతో, రెండింటికీ వేర్వేరుగా. దాంతో పిడి వైపు నాలుగు గైడ్లు చేశాను. ఇంకా కొస దాకా పోకముందే గ్లాసు చేతికి వేడిగా తగిలింది. 20 నిమిషాలకి పాకం ముదిరినట్టు తీగ సాగడం మొదలెట్టింది. అది పారేసి మిగతా నాలుగింటికి ఇంకోసారి కలిపాను. సన్నటి గైడ్లే కదా అని 1 ఎం.ఎల్., 1 ఎం.ఎల్. నిజం చెప్పాలంటే హార్డెనర్ ఓ నాలుగు చుక్కలు ఎక్కువే పడింది, అదీ కావాలనే. అప్పటికే రాత్రి ఎనిమిది, తొందరగా ఆరుతుందని. మా ఊళ్ళో ఫైబర్ పడవలకి మరమ్మతు చేసేవాళ్ళు అలాగే చేస్తారు.

వాన అంటే, పొద్దుట్నుంచీ ముసురు. ఉక్కగా ఉందని కిటికీలు తీసి ఫ్యాను వేసుకున్నాను. గుంటలు పిడి దగ్గర రెండింటి మీదే. 3, 4 గైడ్లు జిడ్డు తప్ప బాగానే ఉన్నాయి.

యానాం రేవు · 10.50

రెండు జబ్బులు దొరికిపోయాయి. జిడ్డు ఆ ముసురు వల్ల, ఆరకపోవడం కొలత వల్ల. గుంటల సంగతి ఇంకా తేలలేదు.

కొస వైపు ఆరకపోవడానికి కారణం ఆ 1 ఎం.ఎల్. 5 ఎం.ఎల్. దగ్గర చుక్క అటూ ఇటూ అయినా తేడా తెలీదు. 1 ఎం.ఎల్. దగ్గర సిరంజిలో బియ్యపు గింజంత గాలి బుడగ ఉన్నా, గోడకి కొంచెం అంటుకుని ఉండిపోయినా కొలత పోతుంది. రెసిన్ చిక్కగా ఉంటుంది కాబట్టి బుడగ ఎప్పుడూ దాంట్లోనే దూరుతుంది. అంటే మీకు తెలీకుండానే రెసిన్ తగ్గింది, తెలిసి మీరు హార్డెనర్ పెంచారు. రెండూ ఒకే వైపు లాగాయి. నేను చిన్న గైడు ఒక్కటే ఉన్నా 3+3 ఎం.ఎల్. కంటే తక్కువ కలపను. మిగిలింది పోనీ. డబ్బు పోయిందనుకోవడం తేలిక, రాడ్ విప్పడమే కష్టం.

గ్లాసు వేడెక్కడం కూడా మామూలే. ఎపాక్సీ గట్టిపడేటప్పుడు దానంతట అదే వేడి పుట్టిస్తుంది. గ్లాసులో ముద్దగా ఉంటే ఆ వేడి బయటికి పోక ఇంకా తొందరగా ముదురుతుంది. కలిపిన వెంటనే అల్యూమినియం ఫాయిల్ ప్లేటులోనో, స్టీలు పళ్ళెంలోనో పల్చగా పరిచెయ్యండి. వేడి పోతుంది, బుడగలూ పైకొచ్చి పగిలిపోతాయి. మన వేసవిలో ఈ ఒక్క పనే పది పదిహేను నిమిషాలు కలిసొచ్చేలా చేస్తుంది.

పడవ మేస్త్రి · ఉప్పాడ · గురువారం పొద్దున 6.20

యానాం గారూ, చిన్న డౌటు. నేను ఫైబర్ పడవల పనిలో ఉన్నాను. రెసిన్లో మందు ఎక్కువేస్తే తొందరగా పట్టుద్ది. ముసురు రోజుల్లో నాలుగు చుక్కలు ఎక్కువే వేస్తాం. మరి అతను చేసింది తప్పెలా అవుద్ది?

యానాం రేవు · 7.30

మేస్త్రి గారూ, మీరు చేసేది తప్పు కాదండి. మీది పాలియెస్టర్ రెసిన్. దాంట్లో మీరేసే కేటలిస్టు 100కి 1, 2 పాళ్ళు. అది పాలలో తోడు లాంటిది. తోడు కొంచెం ఎక్కువైతే పెరుగు తొందరగా తోడుకుంటుంది, తక్కువైతే తెల్లారిపోతుంది, కానీ తోడుకోవడం ఖాయం.

ఎపాక్సీలో హార్డెనర్ తోడు కాదు, సరుకులో సగం అదే. రెసిన్ బొత్తాలనుకోండి, హార్డెనర్ కాజాలు. పది బొత్తాలకి పద్నాలుగు కాజాలు కుడితే చొక్కా తొందరగా పెట్టుకోలేం కదా. మిగిలిన నాలుగు ఖాళీగా ఉంటాయి, అంతే. అలా మిగిలిన హార్డెనర్ పూతలో ఉండిపోయి దాన్ని రబ్బరులా మెత్తగా ఉంచుతుంది. కొంత పైకొచ్చి జిడ్డు కూడా కడుతుంది. ఎపాక్సీ తొందరగా ఆరాలంటే ఒకటే దారి, వెచ్చదనం. సుమారుగా 10 డిగ్రీలు పెరిగితే ఆరే టైము సగానికి పడిపోతుంది.

పడవ మేస్త్రి · 7.45

తోడు మాట బాగా చెప్పారు. ఇన్నాళ్ళూ రెండూ ఒకటే అనుకుంటున్నా. అయితే నా వంతు ఒకటి చెప్తాను. పాత ఫైబర్ మీద ఎపాక్సీ పట్టుద్ది గానీ ఎపాక్సీ మీద మా పాలియెస్టర్ సరిగా పట్టదు. ఎవరైనా రాడ్ మెరుపు కోసం పడవ రెసిన్ పైన కొట్టేరు, చౌక కదా అని. పెచ్చులు లేచిపోద్ది.

కొర్రమీను పిచ్చి · 8.02

సరే, థిన్నరు మాట వెనక్కి తీసుకున్నా. ఎండ మాట మాత్రం తీసుకోను 😄

యానాం రేవు · 8.10

ఎండ మాట సగం కరెక్టేనండి. వెచ్చదనం కావాలి, ఎండ వద్దు. నేరుగా ఎండ తగిలితే ఎపాక్సీ పసుపెక్కిపోతుంది. రేకుల షెడ్డులో మధ్యాహ్నం నీడన పెట్టండి, చాలు.

భీమవరం చెరువు · భీమవరం · 9.15

జిడ్డు సంగతి నేను చెప్తాను, దాంతో రెండేళ్ళు బాధపడ్డాను కాబట్టి.

దాన్ని బ్లష్ అంటారు. తాజా పూత పైన ఉన్న హార్డెనర్‌కి గాల్లోని తేమ, కార్బన్ డయాక్సైడ్ రెండూ తగిలితే మైనం లాంటి పొర కడుతుంది. మన దగ్గర తేమకేం కొదవ? ఓ పక్క కాలవ, ఇంకో పక్క చెరువు, ఎదురుగా వరి చేను. ముసురు రోజు సాయంత్రం కిటికీలు తీసి ఫ్యాను వేశారంటే ఆ తేమనంతా కూర్చోబెట్టి రాడ్‌కి విసిరినట్టే.

మంచి విషయం ఏంటంటే ఈ పొర నీళ్ళలో కరుగుతుంది. గోరువెచ్చని నీళ్ళలో గిన్నెలు తోమే సబ్బు రెండు చుక్కలు వేసి మెత్తటి గుడ్డతో తుడవండి. తర్వాత మంచినీళ్ళతో ఇంకోసారి తుడిచి పొడిగా ఆరబెట్టండి. స్పిరిట్‌తో తుడిస్తే పోదు, చుట్టూ పులుముకుంటుంది అంతే. కడక్కుండా పైన రెండో కోటు వేస్తే మాత్రం ఆ కోటు కింది దానికి అతుక్కోదు, కొన్నాళ్ళకి పొట్టులా లేస్తుంది.

నేను మేత గోడౌన్ కోసం కొన్న తేమ మీటరు ఇప్పుడు రాడ్ల గదిలో ఉంటుంది. 70 లోపుంటే నిశ్చింతగా కలుపుతాను. 85 దాటితే ఆ రోజు దారం చుట్టుకోవడమే, ఎపాక్సీ డబ్బా మూత కూడా తియ్యను.

ఇంకో నిర్వాకం కూడా చెప్పేస్తాను. మందుల్లాగా చల్లగా ఉంటే పాడవదని ఎపాక్సీని ఫ్రిజ్‌లో పెట్టాను. నెల తర్వాత తీస్తే రెసిన్ పేరుకున్న నెయ్యిలా తెల్లగా, పలుకులు పలుకులుగా ఉంది. దాన్ని అలాగే కలిపితే పూతంతా ఇసుక చల్లినట్టు వచ్చింది. పైగా చల్లటి సీసా మూత తియ్యగానే లోపల తేమ పట్టింది. ఇప్పుడు బీరువాలో పెడుతున్నాను. ఎప్పుడైనా పలుకు కట్టినా మూత బిగించి 50 డిగ్రీల వేడి నీళ్ళలో పూర్తిగా తేట అయ్యేదాకా ఉంచి, చల్లారాక వాడతాను.

లేసుదారం · నరసాపురం · 11.30

వంట అయ్యాక చూస్తున్నా, ఆలస్యమైంది. మాది లేసు అల్లే ఇల్లు. మా ఆయన రాడ్లు కడతారు, దారం చుట్టడం మాత్రం నాదే, ఆయన చేతికి అంత నిదానం లేదు.

తమ్ముడూ, ఆ గుంటల్ని చేపకళ్ళు అంటారు. నూనె ఉన్న చోట ఎపాక్సీ నిలబడదు. తలకి కొబ్బరి నూనె రాసుకుని, జుట్టు సర్దుకుని, అదే చేత్తో దారం ముట్టుకున్నావేమో గుర్తు తెచ్చుకో. మా ఇంట్లో మొదటి రాడ్‌కి అదే జరిగింది, ఆ నూనె నాదే. వంటింటి పక్క గదిలో చేసినా పోపు ఆవిరికి అలాగే అవుతుంది.

వశిష్ఠ గట్టు · మధ్యాహ్నం 12.40

అక్కా, నా తల మీద జుట్టు పోయి ఐదేళ్ళయింది. నూనె రాసుకునే అవకాశమే లేదు 🙂

కాకినాడ కుర్రాడు · కాకినాడ · 12.55

సిరంజి కావచ్చు. మెడికల్ షాపు సిరంజిలో రబ్బరు బిరడా జారడానికి సిలికాన్ నూనె పూస్తారు. చేపకళ్ళకి సిలికాన్‌ని మించింది లేదు.

యానాం రేవు · మధ్యాహ్నం 1.20

సిరంజి గురించి కాకినాడ గారు చెప్పింది నిజమే, అందరూ గుర్తుపెట్టుకోవాల్సిందే. నేను సిరంజి మానేసి దగ్గు మందు సీసాతో వచ్చే గీతల గ్లాసులు వాడుతున్నాను. రెండు ఒకే రకంవి తీసుకుని, ఒకదాని మీద మార్కరుతో రె, రెండో దాని మీద హా అని రాసుకుని, కంటికి సమానంగా పెట్టి కొలుస్తాను. తూకంతో కొలిచేవాళ్ళు జాగ్రత్త. 1:1 అంటే కొలతలో సమానం, బరువులో కాదు. రెసిన్ బరువెక్కువ, హార్డెనర్ తేలిక.

అయితే గట్టు గారి గుంటలు సిరంజి వల్ల వచ్చినవి కావు. ఒకే గ్లాసులోంచి నాలుగు గైడ్లకి వేశారు. నూనె గ్లాసులో ఉంటే నాలుగింటికీ గుంటలు పడాలి కదా. 1, 2 మీదే పడ్డాయంటే నూనె గ్లాసులో లేదు, ఆ రెండు గైడ్ల దారం మీదే ఉంది. పూత వెయ్యకముందు ఆ చోట ఏం జరిగిందో ఆలోచించండి.

వశిష్ఠ గట్టు · సాయంత్రం 5.10

దొరికింది!

పూతకి ముందు రోజు, గైడ్ల వరస సరిగ్గా ఉందో లేదో చూద్దామని రాడ్‌కి రీలు బిగించి లైను లాగాను. ఆ రీలు అంతకు ముందు అంతర్వేది రేవులో ఉప్పునీళ్ళలో పడింది. హ్యాండిల్ కిర్రుమంటుంటే రీలు రాడ్ మీద ఉండగానే తుప్పు పట్టకుండా కొట్టే స్ప్రే కొట్టాను. రీలుకి పైన ఉన్నవి ఆ రెండు గైడ్లే. తుంపర వాటి మీదే పడి ఉంటుంది. గైడు కాలి (దారం చుట్టి బిగించే దాని పాదం) కింద దారం చాటున ఒక వైపు గుంటల్లేవు, స్ప్రే తగిలే వైపు మాత్రమే ఉన్నాయి. ఇప్పుడు లెన్సుతో చూస్తే తెలిసింది.

లేసుదారం · 5.25

అయితే నూనె నూనే, తల మాత్రం రీలుది!

యానాం రేవు · 6.00

ఇక బాగుచేసుకునే సంగతి. తొందర పడొద్దు, ఈ వారం పండుగప్ప ఎక్కడికీ పోదు.

ముందు మొత్తం రాడ్ భీమవరం గారు చెప్పినట్టు సబ్బు నీళ్ళతో కడిగి ఆరబెట్టండి. 3, 4 గైడ్లకి అంతకు మించి ఏం అక్కర్లేదు. 1, 2 మీద గుంటల్లో దూదికి ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపి బాగా తుడవండి. ఆరిన పూత మీద అది ఏం చెయ్యదు, నూనె మాత్రం వదులుతుంది. దూది మార్చి మార్చి మూడు నాలుగుసార్లు. తర్వాత సన్నటి నీటి ఉప్పుకాగితంతో మెరుపు పోయేదాకా తేలిగ్గా రాయండి, దారం దాకా పోకూడదు. కొత్తగా కలిపినప్పుడు సూది మొనతో ముందు గుంటల్లో చుక్క చుక్క నింపి, అవి నిలబడ్డాయో లేదో ఓ పది నిమిషాలు చూసి, అప్పుడు మొత్తం మీద పల్చటి కోటు వెయ్యండి. చుక్క మళ్ళీ పక్కకి జరిగితే నూనె ఇంకా ఉన్నట్టే, తుడిచేసి మొదటికి రండి.

కొస వైపు నాలుగు. ఆదివారం దాకా వెచ్చటి చోట ఉంచండి. పైపైన బంక మాత్రమే ఉండి లోపల గట్టిగా ఉంటే, పైన సరిగ్గా కలిపిన కోటు ఒకటి వేస్తే సరిపోతుంది. అప్పటికీ గోరు దిగుతుంటే విప్పెయ్యడమే.

లేసుదారం · 6.20

విప్పేటప్పుడు ఒక మాట. బ్లేడు గైడు కాలి మీద, అంటే ఇనుము మీద ఆనించి పొడుగునా కొయ్యాలి. బ్లాంకు మీద ఆనించి కొయ్యకూడదు. గ్రాఫైట్‌కి వెంట్రుకంత గాటు పడినా పెద్ద చేప లాగినప్పుడు సరిగ్గా అక్కడే విరుగుతుంది. ముందు హెయిర్ డ్రయ్యర్‌తో వేడి చేస్తే పూత మెత్తబడి దారంతో పాటు తొక్కలా వచ్చేస్తుంది. రంగులు కాల్చే హీట్ గన్ను వద్దు, బ్లాంకే పాడవుతుంది.

మళ్ళీ చుట్టేటప్పుడు నైలాన్ దారమే వాడు. లేసు దారం ఇంట్లో ఊరికే దొరుకుతోందని నేను మొదట నూలుతో చుట్టాను. చూడ్డానికి ఎంత బాగుందో. పూత వేశాక నూగు అంతా నిక్కబొడుచుకుని పూతలోంచి సన్నటి వెంట్రుకల్లా బయటికొచ్చింది. నైలాన్‌కీ అక్కడక్కడా నూగు ఉంటుంది. పూతకి ముందు స్పిరిట్ దీపం మంట అలా తాకీ తాకనట్టు చూపిస్తే పోతుంది. అగ్గిపుల్లా, లైటరూ మసి పెడతాయి.

ఇంకోటి, రంగు. మామూలు నైలాన్ మీద ఎపాక్సీ వేస్తే లోపల తడిసినట్టయి రంగు ముదురుతుంది, పసుపు కాస్తా లేత బెల్లం రంగవుతుంది. అది వద్దంటే రంగు నిలిపే ద్రవం ముందు పుయ్యాలి. కానీ అది పూర్తిగా ఆరకుండా ఎపాక్సీ వేస్తే మచ్చలు, బుడగలు. మా ఆయన ఒక పూట ఆగలేక ఆరంజ్ దారం మీద పులిచర్మం లాంటి డిజైన్ తెప్పించారు. అడిగితే కావాలనే చేశానంటారు.

కాకినాడ కుర్రాడు · 7.15

బుడగలంటే గుర్తొచ్చింది. నిదానంగా కలుపుతాను, మంట చూపిస్తాను, పైనున్నవి పోతాయి. కానీ గైడు కాలికి రెండు పక్కలా దారం కింద సందు ఉంటుంది కదా, అక్కడ్నుంచి గంట తర్వాత కూడా బుడగలు వస్తూనే ఉంటాయి. నేను తెల్లారే పని మొదలుపెడతాను, చల్లగా ఉంటుందని.

యానాం రేవు · 7.50

ఇబ్బంది ఆ తెల్లారడంతోనే. మీరు పూత వేశాక ఎండెక్కుతుంది, గది వేడెక్కుతుంది, సందులో చిక్కుకున్న గాలి వ్యాకోచించి బుడగలా బయటికొస్తుంది. వేడి తగ్గే వేళ వేస్తే సందులో గాలి కుంచించుకుని ఎపాక్సీని లోపలికి లాక్కుంటుంది. వెదురు రాడ్లు కట్టేవాళ్ళకి ఇది ఇంకా ముఖ్యం, వెదురంతా గాలే.

అయితే మన దగ్గర తిరకాసు ఏంటంటే, వేడి తగ్గేకొద్దీ తేమ పెరుగుతుంది. రాత్రి వేస్తే బుడగలుండవు, జిడ్డు పడుతుంది. అందుకే నేను మధ్యాహ్నం 3 గంటలకి మొదలుపెడతాను. అప్పటికి వేడి దిగడం మొదలవుతుంది, మంచు కురిసే వేళకి పూత పట్టేసి ఉంటుంది. ముందుగా సందులోకి బ్రష్‌తో కాస్త ఎక్కువ ఎపాక్సీ పెట్టి, అది అవతలి వైపు తేలేదాకా ఆగి, అప్పుడు మిగతా చుట్టూ వేస్తాను.

భీమవరం చెరువు · 8.05

దీంతో నేను ఏకీభవించను. మధ్యాహ్నం 3 అనేది చలికాలానికి బాగానే ఉంటుంది. వానాకాలంలో 3 అయినా 8 అయినా తేమ ఒకటే. ఏసీ గది ఉంటే 26లో పెట్టి, తలుపేసి, ఏ వేళైనా చేసుకోవచ్చు. ఏసీ తేమని లాగేస్తుంది కదా.

యానాం రేవు · 8.20

ఏసీ ఉన్నవాళ్ళకి మీ మాటే రైటు. నాకు లేదు. పైగా కరెంటు పోతే?

భీమవరం చెరువు · 8.24

రొయ్యల చెరువుకి జనరేటర్ ఉంది కదండీ. ఏరేటర్లతో పాటు, పూత ఆరేదాకా రాడ్ తిప్పే మోటారు కూడా దాని మీదే. చెరువు లేనివాళ్ళ సంగతి నాకు తెలీదు 😄

కొర్రమీను పిచ్చి · 8.40

మోటారు ఏంటి? నేను చేత్తో తిప్పుకుంటా. గంట సేపు పాటలు పెట్టుకుని.

యానాం రేవు · 9.05

గంట చాలదండి. పల్చటి కోటైనా మూడు నాలుగు గంటలు కిందికి జారుతూనే ఉంటుంది. ఆపితే ఒక పక్క కారి, ఆరాక పొట్టలా దిగిపోతుంది. ఎయిర్ కూలర్లో రెక్కలు ఊపే చిన్న మోటారు ఉంటుంది, నిమిషానికి 5, 6 చుట్లు తిరుగుతుంది. రాడ్‌కి అంతే కావాలి. మైక్రోవేవ్ పళ్ళెం తిప్పేదీ అదే రకం.

అసలు పొట్ట రావడానికి ఎక్కువసార్లు కారణం మోటారు కాదు, ఆశ. ఒక్క కోటులోనే గాజులా రావాలని దట్టంగా వేస్తాం. నేను చేసే పద్ధతి ఇది. బ్రష్‌తో మొత్తం తడిపాక రాడ్ తిప్పడం ఆపేస్తాను. ఎక్కువైనదంతా నెమ్మదిగా కిందికి దిగి అడుగున చుక్కలా వేలాడుతుంది. పొడి బ్రష్‌తో ఆ చుక్కని తాకి తీసేస్తాను. సగం చుట్టు తిప్పి మళ్ళీ ఆగుతాను, మళ్ళీ తీస్తాను. చుక్క వేలాడడం మానేసి, దారం వరసలు పూత కింద ఇంకా కొంచెం చేతికి తెలుస్తున్నట్టు ఉన్నప్పుడు మోటారు వేస్తాను. చూడ్డానికి చాలలేదు అనిపిస్తుంది. అది మొదటి కోటు, అలాగే ఉండాలి. మర్నాడు ఇదే టైముకి రెండోది. 24 గంటలు దాటిపోతే మాత్రం ఉప్పుకాగితం ఆడించి వెయ్యాలి.

అన్నట్టు, చేతులకి నైట్రైల్ గ్లవ్స్ తప్పనిసరి. నేను ఐదేళ్ళు వట్టి చేతులతో చేశాను, ఏమీ కాలేదు. ఆరో ఏడు నుంచీ ఎపాక్సీ వాసన తగిలితే చాలు, మణికట్టు దగ్గర దద్దుర్లు. ఒకసారి పడకపోవడం మొదలైతే ఇక పోదు. చేతికి అంటితే సబ్బు వాడండి, థిన్నరుతో కడిగితే చర్మంలోకి ఇంకా దిగుతుంది.

వశిష్ఠ గట్టు · మూడు వారాల తర్వాత, సోమవారం రాత్రి 9.30

ఆలస్యానికి క్షమించాలి, కోతల పనిలో పడ్డాను.

కొస వైపు నాలుగూ ఆదివారానికీ ఆరలేదు, విప్పేశాను. అక్క చెప్పినట్టు కాలి మీద కోశాను, బ్లాంకుకి గాటు పడలేదు. సబ్బు నీళ్ళకి జిడ్డు నిజంగానే పోయింది. తుడిచిన గుడ్డ జారుడు జారుడుగా అయింది, కింద 3, 4 గైడ్లు అద్దంలా బయటపడ్డాయి. వాటిని చూశాకే మిగతావి విప్పడానికి మనసొప్పింది.

గుంటల్లో చుక్క మొదటిసారి నిలబడలేదు. మళ్ళీ తుడిచాను. రెండోసారి ఒక్క గుంట తప్ప అన్నీ పట్టాయి. ఆ ఒక్కదానికీ ఇంకోసారి.

ఈసారి 4+4 ఎం.ఎల్., దగ్గు మందు గ్లాసులతో. మూడు నిమిషాలు గడియారం చూసి కలిపాను, గోడలూ అడుగూ గీకుతూ. పళ్ళెంలో పరిచాను, చల్లగానే ఉంది, అరగంట పైన పని చేసుకున్నాను. తేమ మీటరు 68 చూపించింది. కూలర్ మోటారు పెట్టాను. సాయంత్రం అయిదింటికి కరెంటు పోయింది. నేను బయట ఉన్నాను. అమ్మ ఫోన్ చేసి "నీ కర్ర ఆగిపోయిందిరా, ఏం చెయ్యను" అంది. 40 నిమిషాలు వంకాయలు తరుగుతూ, మధ్యమధ్యలో లేచి సగం చుట్టు తిప్పింది. 6వ గైడు మీద కొంచెం పొట్ట వచ్చింది, అదొక్కటే. అది వంకాయ చేతుల తప్పు కాదు, ఆ ఒక్కచోటా నేనే దట్టంగా వేశాను.

రెండో కోటు రోజు చీకటి పడ్డాక లైటు వేసి ఉంచాను, అది నా బుద్ధి తక్కువ. అంతకు ముందే వాన వెలిసింది. ఉసిళ్ళు దిగాయి. రెండు రెక్కలు 7వ గైడు పూతలో పారదర్శకంగా ఉండిపోయాయి. తియ్యబోతే పాడవుతుందని వదిలేశాను.

లేసుదారం · 9.45

లైటు ఆపేసి, రాడ్ మీద అట్టపెట్టె బోర్లించి పెట్టుకో తమ్ముడూ, వానాకాలంలో మేం చేసేది అదే. ఆ పొట్ట మీద కొత్త బ్లేడు పడుకోబెట్టి, రాడ్ తిప్పుతూ సన్నగా చెక్కితే వెళ్ళిపోతుంది. పైన పల్చటి కోటు ఒకటి.

పడవ మేస్త్రి · 10.10

మా పెద్దోడు కూడా రాడ్ కట్టుకుంటానని మొదలెట్టాడు. ఆ కూలర్ మోటారు ఎక్కడ దొరికింది మీకు?

వశిష్ఠ గట్టు · 10.25

పాలకొల్లులో పాత కూలర్లు బాగుచేసే కొట్టులో అండి, ఊరికినే ఇచ్చేశాడు. తీసుకునేటప్పుడు అక్కడే కరెంటు పెట్టి చూడండి. కొన్ని ఆన్ చేసిన ప్రతిసారీ ఒకోవైపు తిరుగుతాయి. రాడ్‌కి అయితే ఎటు తిరిగినా పర్లేదు.